కళాశాల ఆటలో ఏలిన పొడగరి సెంటర్లు ఎన్‌బీఏ డ్రాఫ్ట్ దగ్గర ఎందుకు తేలిపోతున్నారు?

ప్రశ్న: పటమట, విజయవాడ నుంచి

అందరికీ నమస్కారం. అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్‌ను నేను పన్నెండేళ్లుగా వదలకుండా చూస్తున్నాను. మార్చిలో అక్కడి జాతీయ టోర్నమెంటు మొదలైందంటే మా ఇంట్లో తెల్లవారుజామున నాలుగింటికే దీపం వెలుగుతుంది, ఎందుకంటే అక్కడ రాత్రి ఏడు గంటలకు మొదలయ్యే ఆట మనకు నాలుగున్నరకు వస్తుంది. చదువుకునే రోజుల్లో నేను కూడా సెంటర్‌గానే ఆడాను కాబట్టి రింగు కింద ఆడే పొడగరులంటే నాకు మొదటి నుంచీ ప్రత్యేకమైన అభిమానం. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి పెట్టుకొని, ఒక్కో సెంటర్‌కు ఒక్కో పేజీ కేటాయించి, ఎత్తు, పాయింట్లు, రీబౌండ్లు (తప్పిన షాట్ నుంచి తిరిగొచ్చిన బంతిని పట్టడం), బ్లాకులు (ఎదుటివారి షాట్‌ను గాలిలోనే ఆపడం) రాసుకుంటాను. అమెరికా వృత్తి లీగ్ ఎన్‌బీఏలోని జట్లు కొత్త ఆటగాళ్లను ఒకరి తర్వాత ఒకరిని ఎంచుకునే డ్రాఫ్ట్ జూన్ చివర వచ్చేలోగా వారిలో మొదటి ఐదుగురు ఎవరో వరుస కూడా వేసుకుంటాను.

ఆ వరుస ఏటా తప్పుతోంది. 2021-22 సీజన్‌లో కెంటకీ విశ్వవిద్యాలయం సెంటర్ ఆస్కార్ చీబ్వే ఆటకు సగటున 15కు పైగా రీబౌండ్లు పట్టి దేశంలోనే ఉత్తమ కళాశాల ఆటగాడిగా ఎంపికయ్యాడు. మరుసటి ఏడు కూడా అక్కడే ఆడి 2023 డ్రాఫ్ట్‌కు వస్తే, రెండు రౌండ్లలోనూ అతని పేరు ఎవరూ పిలవలేదు. అంతకు ముందు 2021లో అదే గౌరవం అందుకున్న అయోవా సెంటర్ లూకా గార్జా 52వ స్థానం దాకా ఎదురుచూడవలసి వచ్చింది. (2015లో మన పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్‌ను డల్లాస్ జట్టు తీసుకున్నదీ సరిగ్గా 52వ స్థానంలోనే, అతడు కళాశాల ఆట ఆడి వచ్చినవాడు కాదనుకోండి, కానీ ఆ ఉదయం నేను పడిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది.) మరోవైపు మెంఫిస్ విశ్వవిద్యాలయం తరఫున మొత్తం 3 ఆటలే ఆడిన జేమ్స్ వైజ్‌మన్‌ను 2020లో గోల్డెన్ స్టేట్ జట్టు రెండో స్థానంలోనే తీసుకుంది. మూడేళ్లు తిరగకముందే అతడిని వేరే జట్టుకు పంపించింది కూడా.

పదో తరగతి చదువుతున్న మా మేనల్లుడు ఇప్పటికే ఆరడుగుల రెండంగుళాలు ఉన్నాడు, స్కూల్ జట్టులో సెంటర్. నా నోట్‌బుక్ తిరగేస్తూ, "మామయ్యా, ఇంత బాగా ఆడినవాడిని ఎందుకు తీసుకోలేదు?" అని అడిగాడు. నేను చెప్పిన సమాధానం నాకే నచ్చలేదు. పెద్ద జట్ల పరిశీలకులు ఒక పొడగరి ఆటలో ఏమి చూస్తారు, నా నోట్‌బుక్‌లో రాయనిది ఏమిటి అన్నది తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం: అరండల్‌పేట, గుంటూరు నుంచి

నమస్కారం. నేను 27 ఏళ్లు ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి విరమించుకున్నవాడిని. జీవితంలో ఎక్కువ భాగం సిమెంటు కోర్టు పక్కన విజిల్ పట్టుకొని గడిపాను. మీ మేనల్లుడి ప్రశ్న మంచి ప్రశ్న. దానికి నాకు తెలిసినంతవరకు సమాధానం చెబుతాను.

మీ నోట్‌బుక్‌లో రాసినవన్నీ నిజమే. కానీ అవన్నీ కళాశాల కోర్టు మీద, కళాశాల నియమాల మధ్య పుట్టిన అంకెలు. ఆ కోర్టు పొడగరికి చేసే మేలు ఎంతో తెలియాలంటే ఒక పని చేయండి. కొలత టేపు, కాస్త సున్నం పొడి తీసుకొని కోర్టుకు వెళ్లండి. రింగు కింద మధ్యలో ఒక గుర్తు పెట్టి, అక్కడి నుంచి అటూ ఇటూ ఆరేసి అడుగుల దగ్గర రెండు గీతలు గీయండి. అది అమెరికా కళాశాల పురుషుల ఆటలోని పెయింటు, అంటే రింగు ముందు రంగు వేసి ఉండే చోటు, మొత్తం 12 అడుగుల వెడల్పు. ఇప్పుడు ఎనిమిదేసి అడుగుల దగ్గర మరో రెండు గీతలు గీయండి. అది ఎన్‌బీఏ పెయింటు, 16 అడుగులు. దాడి చేసే ఆటగాడు పెయింటులో మూడు సెకన్లకు మించి నిలబడకూడదు కాబట్టి సెంటర్ ఆ గీత బయటే స్థానం పట్టి బంతి అందుకుంటాడు. అంటే ఎన్‌బీఏకు వెళ్లగానే ప్రతిసారీ రింగుకు మరో రెండడుగులు దూరం జరగాలి. ఒక్క డ్రిబుల్‌తో అయిపోయే పని రెండు డ్రిబుల్స్ అవుతుంది, ఆ రెండో డ్రిబుల్ పడేలోగా పక్కనున్న డిఫెండర్ చేయి వచ్చేస్తుంది. మా అబ్బాయిలకు ఈ గీతలు గీసి చూపించినప్పుడు, వీపు తిప్పి హుక్ షాట్ వేయడంలో ఆరితేరిన కుర్రాడు కూడా బయటి గీత దగ్గర నుంచి పది ప్రయత్నాల్లో నాలుగు వేయడానికి ఇబ్బంది పడ్డాడు.

డ్యూక్ సెంటర్ జలీల్ ఓకఫోర్ విషయంలో నేను పడిన పొరపాటు ఇదే. 2014-15లో అతని ఆట చూసి ముగ్ధుడినయ్యాను. వీపు డిఫెండర్‌కు ఆనించి, బంతిని ఒక చేతిలో మామిడికాయలా పట్టుకొని, ఎటు తిరుగుతాడో తెలియనివ్వకుండా పాయింట్లు వేసేవాడు. వేసిన షాట్లలో మూడింట రెండు వంతులు పడేవి, ఆ ఏడు డ్యూక్ జాతీయ విజేత కూడా అయింది. ఫిలడెల్ఫియా అతన్ని మూడో స్థానంలో తీసుకుంది. మొదటి సీజన్‌లో ఆటకు 17.5 పాయింట్లు వేశాడు, కాదనలేం. అయినా ఆ ఏడు ఫిలడెల్ఫియా 82 ఆటల్లో గెలిచినవి 10 మాత్రమే. ప్రత్యర్థులు అతన్ని స్క్రీన్ (ఒక ఆటగాడు అడ్డుగా నిలబడి డిఫెండర్ దారి ఆపడం) దగ్గరికి లాగి, కాళ్లు కదపవలసిన పరిస్థితి తెచ్చి, అతను వేసిన పాయింట్లకు మించి అతని వైపు నుంచే తీసుకున్నారు. 2017 డిసెంబరులో అతన్ని బ్రూక్లిన్‌కు పంపించేశారు. అతని వెంటనే నాలుగో స్థానంలో వెళ్లినవాడు, బయట నుంచి కూడా షాట్ వేయగల పొడగరి క్రిస్టాప్స్ పోర్జింగిస్.

ఇక డిఫెన్స్‌లో ఇంతకంటే పెద్ద తేడా ఉంది. ఎన్‌బీఏలో 2001-02 నుంచి, దగ్గరలో ఏ ప్రత్యర్థినీ అడ్డుకోకుండా పెయింటులో ఊరికే మూడు సెకన్లకు మించి నిలబడడం డిఫెండర్‌కు కూడా తప్పు. కళాశాలలో ఆ నియమం లేదు. మన దేశంలో పాటించే ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల్లోనూ లేదు, అందుకే మనకు ఆ సంగతి తట్టదు. కళాశాలలో ఏడడుగుల కుర్రాడు గుడి ముందు ద్వారపాలకుడిలా రింగు కింద నిలబడిపోవచ్చు. బ్లాకులు వాటంతట అవే వస్తాయి. కనెక్టికట్ సెంటర్ హషీమ్ తబీట్ ఎత్తు 7 అడుగుల 3 అంగుళాలు, చివరి ఏడు ఆటకు నాలుగుకు పైగా బ్లాకులు. 2009లో ఎన్‌బీఏలోని మెంఫిస్ జట్టు అతన్ని రెండో స్థానంలో తీసుకుంది. అతని తర్వాత మూడో స్థానంలో జేమ్స్ హార్డెన్, ఏడో స్థానంలో స్టెఫెన్ కరీ ఉన్నారు, ఇద్దరూ ఆపై లీగ్‌లో మేటి ఆటగాళ్లయ్యారు. తబీట్‌ను మొదటి సీజన్‌లోనే కింది లీగ్‌కు పంపవలసి వచ్చింది. ఎత్తు తగ్గలేదు, కష్టపడే గుణం తగ్గలేదు. నిలబడే చోటు మాత్రం పోయింది.

జట్టు మొత్తం జోన్ డిఫెన్స్ (ఒక్కొక్కరు ఒక్కో ప్రత్యర్థిని కాక ఒక్కో చోటును కాపలా కాయడం) ఆడుతుంటే ఇంకా జాగ్రత్తగా చూడాలి. 2017-18లో డ్యూక్ సీజన్ మధ్యలో జోన్‌కు మారింది. ఆ జట్టు ఫార్వర్డ్ మార్విన్ బాగ్లీ ఆటకు 21 పాయింట్లు, 11 రీబౌండ్లతో మెరిశాడు. 2018 డ్రాఫ్ట్‌లో శాక్రమెంటో అతన్ని, తర్వాత మేటి ఆటగాడైన లూకా డాన్సిచ్ కంటే ముందు, రెండో స్థానంలో తీసుకుంది. బంతి నడిపించే ఎదుటి గార్డు నేరుగా మీదికి వచ్చినప్పుడు బాగ్లీ ఏమి చేయగలడో ఆ జోన్ వల్ల చివరిదాకా సరిగ్గా కనిపించనే లేదని నా అభిప్రాయం.

అందువల్ల మీకు నేను చెప్పేది ఇది. ప్రతి ఆటలో ఒక ఐదు నిమిషాలు బంతిని చూడడం మానేసి, సెంటర్ పాదాలను మాత్రమే చూడండి. ఎదుటి జట్టు పిక్ అండ్ రోల్ (గార్డు కోసం స్క్రీన్ పెట్టిన ఆటగాడు వెంటనే రింగు వైపు దూసుకుపోవడం) మొదలుపెట్టినప్పుడు, గార్డు స్క్రీన్ చుట్టూ తిరిగి వస్తుంటే మన సెంటర్ మడమలు నేలకు ఆని ఉన్నాయా, వేళ్ల మీద నిలిచాడా? మోకాళ్లు వంగి ఉన్నాయా, నడుము నుంచి ముందుకు వాలి ఉన్నాడా? గార్డు ఒక్కసారిగా దిశ మార్చినప్పుడు తుంటి తిప్పి పరిగెత్తగలిగాడా, లేక రెండు మూడు చిన్న అడుగులు వృథా చేసి వెనకబడ్డాడా? గార్డును ఆపి, మళ్లీ రింగు వైపు దూసుకుపోతున్న, తాను అడ్డుకోవలసిన ప్రత్యర్థిని అందుకోగలిగాడా? ఒకే క్షణంలో ఇద్దరి మధ్య బతకడమే ఎన్‌బీఏ సెంటర్ ఉద్యోగం. మొదటి గెంతు ఎంత ఎత్తుందో అందరూ చూస్తారు. బంతి రింగుకు తగిలి మళ్లీ లేచినప్పుడు రెండో గెంతు ఎంత త్వరగా వచ్చిందో చూడండి. పాదాలు బాగున్నవాడికే ఆ రెండో గెంతు ఉంటుంది.

చాలా ఏళ్ల కిందట అంతర కళాశాలల పోటీలకు జట్టును ఎంపిక చేస్తూ, నేను ఎత్తు చూసి ఒక కుర్రాడిని తీసుకొని, అతనికంటే నాలుగంగుళాలు పొట్టిగా ఉన్న మరో కుర్రాడిని పక్కన పెట్టాను. ఎండ మండే మే నెలలో ఆ రెండో అబ్బాయి రోజూ ఉదయం ఐదున్నరకే వచ్చి, గీతల మీద అడ్డంగా కదులుతూ సాధన చేసేవాడు. అతని కేడ్స్ అడుగులు ముందు వేళ్ల దగ్గర అరిగిపోయి ఉండేవి, మడమ దగ్గర కొత్తగానే ఉండేవి. అది చూసి కూడా నేను అర్థం చేసుకోలేకపోయాను. పోటీలో మేము ఎంచుకున్న పొడగరిని ఎదుటి జట్టు పది నిమిషాల్లో బయటికి లాగేసింది. ఆ అరిగిన కేడ్స్ నాకు ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తాయి.

సమాధానం: మంగళగిరి నుంచి

మాస్టారు పాదాల గురించి రాశారు కాబట్టి, అవే పాదాల గురించి మరో వైపు నుంచి నాలుగు మాటలు రాస్తాను. నేను ఫిజియోథెరపిస్టును, ఆటగాళ్ల కాళ్లు చూడడమే నా పని.

పొడగరిని ఎంచుకునేటప్పుడు వైద్య నివేదిక ఆట చూసినంత ముఖ్యం. కళాశాల జట్టు సీజన్‌లో ఆడేవి 30 నుంచి 40 లోపు ఆటలు, ఒక్కొక్కటి 40 నిమిషాలు. ఎన్‌బీఏలో 82 ఆటలు, ఒక్కొక్కటి 48 నిమిషాలు. ఏడడుగుల శరీరం గెంతి దిగిన ప్రతిసారీ ఆ బరువంతా ముందు పాదంలోని చిన్న ఎముకల మీద, పిక్క ఎముక మీద పడుతుంది. 1984లో పోర్ట్‌లాండ్ రెండో స్థానంలో తీసుకున్న కెంటకీ సెంటర్ సామ్ బౌయీ, పిక్క ఎముకలో వచ్చిన పగులు వల్ల కళాశాలలోనే రెండు పూర్తి సీజన్లు ఆడలేకపోయినవాడు. మూడో స్థానంలో షికాగో తీసుకున్నది మైకేల్ జోర్డన్‌ను. అదే పోర్ట్‌లాండ్ 2007లో, తర్వాత మేటి ఆటగాడైన కెవిన్ డ్యూరాంట్‌ను కాదని ఒహాయో స్టేట్ సెంటర్ గ్రెగ్ ఓడెన్‌ను మొదటి స్థానంలో తీసుకుంది. సీజన్ మొదలు కాకముందే అతని కుడి మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. ఎన్‌బీఏ జీవితం మొత్తంలో అతను ఆడగలిగినవి 105 ఆటలు. ఓడెన్‌కు ఆట రాదని ఎవరూ అనలేరు. అతని కోసం నేను ఇప్పటికీ బాధపడతాను.

అయితే గాయం ఉందనగానే పక్కన పెట్టడమూ సరికాదు. కాన్సస్ సెంటర్ జోయెల్ ఎంబీడ్‌కు వెన్నెముకలో పగులు, ఆపై 2014 డ్రాఫ్ట్‌కు కొద్ది రోజుల ముందు కుడి పాదంలోని నావిక్యులర్ ఎముకకు శస్త్రచికిత్స. ఆ ఎముక మధ్య భాగానికి రక్త ప్రసరణ తక్కువ కాబట్టి అది అతుక్కోవడం ఆలస్యం, పొడగరుల విషయంలో వైద్యులందరూ భయపడే ఎముక అది. అతను రెండు సీజన్లు పూర్తిగా పోగొట్టుకున్నాడు. మూడో స్థానంలో తీసుకున్న ఫిలడెల్ఫియా ఓపిక పట్టింది, 2023లో అతను లీగ్‌లోనే అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. గొంజాగా నుంచి వచ్చిన చెట్ హోమ్‌గ్రెన్ కూడా పాదం గాయంతో మొదటి సీజన్ మొత్తం కోల్పోయి, 2025లో ఓక్లహోమా సిటీ విజేత జట్టులో కీలకమైన సెంటర్‌గా నిలిచాడు.

ఆటను దూరం నుంచి చూసే మనకు ఎక్స్‌రేలు అందవు, కానీ కొన్ని గుర్తులు కంటికి కనిపిస్తాయి. గెంతి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వంగి ఒకదానివైపు మరొకటి వాలుతున్నాయేమో చూడండి. రెండు కాళ్ల మీద సమానంగా దిగుతున్నాడా, ఎప్పుడూ ఒకే కాలిని కాపాడుకుంటున్నాడా చూడండి. రెండో సగం చివరి ఐదు నిమిషాల్లో, మొదటి సగంలో గెంతినంత గెంతుతున్నాడా అన్నది కూడా రాసుకోండి.

సమాధానం: మొగల్రాజపురం, విజయవాడ నుంచి

నేను లెక్కల అధ్యాపకుడిని. మాస్టారి మీద గౌరవంతోనే ఒక విషయంలో విభేదించవలసి వస్తోంది. అంకెలు కళాశాల కోర్టు మీద పుట్టినవి కాబట్టి అవి మోసం చేస్తాయన్న అర్థం వచ్చేలా రాశారు. నా దృష్టిలో పటమట మిత్రుడు రాసుకుంటున్న అంకెలు తప్పు కాదు, ఎంచుకున్న గడులు చాలలేదు.

మొట్టమొదట రాయవలసింది ఫ్రీ త్రో (ఎదుటివారి ఫౌల్‌కు దక్కే ఉచిత షాట్) శాతం. మూడు పాయింట్ల గీత అక్కడ 2019-20 నుంచి మన ఫీబా కోర్టుల్లో ఉన్నట్టే 6.75 మీటర్లకు జరిగింది, ఎన్‌బీఏలో ఎదురుగా 7.24 మీటర్లు. ఒక సెంటర్ కళాశాలలో ఆ గీత బయట నుంచి పాతికో ముప్పయ్యో ప్రయత్నాలు చేస్తాడు. అంత కొద్ది ప్రయత్నాల శాతాన్ని నమ్మడం కష్టం. ఫ్రీ త్రోలు వందకు పైగా వేస్తాడు, అడ్డు ఎవరూ ఉండరు, దూరం ఎప్పుడూ 15 అడుగులే. చేతిలో పొందిక ఉందో లేదో అక్కడ తెలుస్తుంది. స్టాన్‌ఫర్డ్ నుంచి 2008లో పదో స్థానంలో వెళ్లిన బ్రూక్ లోపెజ్ ఎన్‌బీఏలో మొదటి ఎనిమిది సీజన్లలో కలిపి మూడంటే మూడు త్రీ పాయింటర్లు వేశాడు. తొమ్మిదో సీజన్, 2016-17లో 134 వేశాడు. ఎక్కడి నుంచి వచ్చాయి అవి? ఎప్పుడూ 80 శాతానికి దగ్గరగా ఉన్న అతని ఫ్రీ త్రోలలోనే దాగి ఉన్నాయి. డ్యూక్‌లో ఓకఫోర్ ఫ్రీ త్రో శాతం 51. మాస్టారు పాదాల్లో చూసిన లోపానికి తోడు, బయటికి వచ్చి షాట్ వేసే దారి కూడా మూసుకుపోయి ఉందని ఆ ఒక్క అంకె చెప్పింది.

రెండోది వయసు. 2006 నుంచి అమెరికా ఆటగాడు హైస్కూల్ పూర్తయి ఏడాది గడిస్తే గాని డ్రాఫ్ట్‌కు రాలేడు, అందువల్ల ప్రతిభావంతులైన పొడగరులు ఒక్క ఏడు ఆడి వెళ్లిపోతారు. 18 ఏళ్ల పిల్లల మధ్య 22 ఏళ్ల నిండు మనిషి పట్టే 15 రీబౌండ్లకూ, 18 ఏళ్ల కుర్రాడు తనకంటే పెద్దవాళ్ల మధ్య పట్టే 9 రీబౌండ్లకూ ఒకే విలువ కట్టలేం. చీబ్వే డ్రాఫ్ట్ నాటికి వయసు 23. రీబౌండ్లు పట్టే గుణం మనిషి వెంట ఎక్కడికైనా వస్తుంది, అతని విషయంలోనూ ఆ సందేహం లేదు. అయితే ఎత్తు ఏడడుగులకు తక్కువ, బయట నుంచి షాట్ లేదు, ఇంకా ఎదగడానికి మిగిలిన ఏళ్లు తక్కువ. గార్జా కథ కొంచెం వేరు: షాట్ ఉంది, చురుకైన పాదాలు లేవు.

మూడోది, అంకెల్లో కనిపించని అవకాశం. కెంటకీలో 2016-17లో బామ్ అడెబాయో ఆటకు ఒక్క అసిస్ట్ (సహచరుడు పాయింట్లు వేయడానికి దారితీసిన పాస్) కూడా సగటు చేయలేదు. బంతి ఎప్పుడూ ఆ జట్టు గార్డులు డీఆరన్ ఫాక్స్, మలిక్ మంక్ చేతుల్లోనే ఉండేది మరి. మయామీ 14వ స్థానంలో తీసుకొని, అతని చేతికి బంతి ఇచ్చింది. 2019-20కి వచ్చేసరికి ఆటకు 5 అసిస్టులు. అలాగే బాగ్లీ రెండో స్థానంలో వెళ్లిన 2018లోనే నాలుగో స్థానంలో వెళ్లిన జారెన్ జాక్సన్, మిషిగన్ స్టేట్‌లో ఫౌళ్ల బెడద వల్ల ఆటకు సుమారు 22 నిమిషాలే ఆడాడు. నిమిషాలు తక్కువ కాబట్టి పాయింట్ల వరుసలో ఎక్కడో కింద ఉంటాడు. 2023లో ఎన్‌బీఏ ఉత్తమ డిఫెండర్ అతనే. పటమట మిత్రుడు ఒక్కో ఆటకు కాకుండా ఒక్కో నిమిషానికి లెక్క వేస్తే ఇటువంటివారు కనిపిస్తారు.

ఇక నేను విభేదించే చోటు. పాదాలే ముందు అన్న సూత్రాన్ని పట్టుకుంటే పర్డ్యూ సెంటర్ జాక్ ఈడీని ఏమి చేయాలి? 7 అడుగుల 4 అంగుళాలు, 2023, 2024 రెండేళ్లూ దేశంలో ఉత్తమ ఆటగాడు, 2024 ఫైనల్లో కనెక్టికట్ మీద ఓడినా 37 పాయింట్లు. పాదాలు నెమ్మది అని ఎంతోమంది రెండో రౌండ్ ఆటగాడిగా లెక్కగట్టారు. మెంఫిస్ తొమ్మిదో స్థానంలో తీసుకుంది, మొదటి ఏడు ముగిసేసరికి కొత్త ఆటగాళ్ల ఉత్తమ జట్టులో చోటు సంపాదించాడు. కొలతలు ఒక హద్దు దాటిపోయినప్పుడు లెక్కే మారిపోతుందని నేను అంటాను. ఆ పక్క చివర బెన్ వాలెస్‌ను చూడండి: చిన్న కళాశాల నుంచి 1996లో ఎవరూ ఎంచుకోకుండా వచ్చాడు, సెంటర్‌కు తగిన ఎత్తు లేదు, ఫ్రీ త్రోలు సగం కూడా పడవు. నాలుగు సార్లు ఉత్తమ డిఫెండర్ అయ్యాడు. నా ఫ్రీ త్రో గడి అతని దగ్గర పూర్తిగా ఓడిపోయింది, ఆ సంగతి ఒప్పుకుంటాను.

సమాధానం: అరండల్‌పేట, గుంటూరు నుంచి

లెక్కల మాస్టారికి నమస్కారం. ఈడీ విషయంలో మీ మాట సగం ఒప్పుకుంటాను. అతను పర్డ్యూలో మొదటి రెండేళ్లు సగం ఆట కూడా కోర్టులో ఉండలేదు. చివరి రెండేళ్లు 40 నిమిషాల్లో 30కి పైగా ఆడాడు. హైస్కూల్లో ఉండగా ఆలస్యంగా ఈ ఆటకు వచ్చినవాడు నాలుగేళ్లలో ఊపిరీ, కాళ్లూ ఎలా పెంచుకున్నాడో వరుసగా చూస్తే కనిపిస్తుంది. నేను పాదాలు చూడమన్నది ఒక్క రోజు చూసి తీర్పు చెప్పడానికి కాదు. నవంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి, మరుసటి నవంబరులో మళ్లీ చూడాలి. నాలుగేళ్లూ ఒకేచోట ఉన్న పాదాలు వేరు, ఏటేటా అరంగుళం ముందుకు జరిగే పాదాలు వేరు. టిమ్ డంకన్ చిన్నతనంలో ఈతగాడు. 1989 తుపానులో ఊళ్లోని ఈతకొలను పాడైపోయాకే ఈ ఆట వైపు వచ్చాడు. వేక్ ఫారెస్ట్‌లో నాలుగేళ్లు పూర్తి చేసి 1997లో మొదటి స్థానంలో వెళ్లాడు. ఎంబీడ్ కూడా వాలీబాల్ ఆడుతూ పదిహేనేళ్ల వయసులో ఇటు వచ్చినవాడే. ఎక్కడి నుంచి మొదలుపెట్టాడో తెలియకుండా ఎంత దూరం వచ్చాడో చెప్పలేం కదా.

వాలెస్ దగ్గర మాత్రం మీ సూత్రం ఓడింది, నాది గెలిచింది. అతని పాదాలు చూసే ఉంటారు.

తిరుగు జవాబు: పటమట, విజయవాడ నుంచి

మాస్టార్లు ఇద్దరికీ, మంగళగిరి వారికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మేనల్లుడూ నేనూ టేపు, సున్నం పొడి తీసుకొని కోర్టుకు వెళ్లాం. వాడు టేపు చివర రింగు కింద పట్టుకొని కూర్చున్నాడు, నేను గీతలు గీశాను. 12 అడుగుల గీత పక్కన నిలబడి వాడు వేసిన పది హుక్ షాట్లలో ఏడు పడ్డాయి. 16 అడుగుల గీత దగ్గర నుంచి మూడు. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనంతట తానే ఫ్రీ త్రో గీత దగ్గరికి వెళ్లి చీకటి పడేదాకా వేస్తూ ఉన్నాడు.

నా నోట్‌బుక్‌లో ఈ సీజన్ నుంచి ఒక్కో ఆటగాడికి రెండు పేజీలు ఉంటాయి. ఎడమ పేజీలో పుట్టిన తేదీ, ఆడిన నిమిషాలు, ఫ్రీ త్రోలు, నిమిషానికి లెక్కగట్టిన మిగతా అంకెలు. కుడి పేజీలో పాదాలు, దిగే తీరు, చివరి ఐదు నిమిషాలు. పాత పేజీలు తిరగేస్తే, అడెబాయో పేజీలో నేను రాసుకున్నది ఒకే ఒక వాక్యం: "బంతి అందడం లేదు." అది అతని లోపమన్నట్టుగా రాసుకున్నాను.

మరో ప్రశ్న అడగాలనిపిస్తోంది. మా వాడు ఎత్తుగా ఉన్నాడని స్కూల్లో రింగు కిందే నిలబెడుతున్నారు, బంతి తీసుకొని కోర్టు దాటనివ్వడం లేదు. ఇలాగే కొనసాగించమంటారా?

సమాధానం: అరండల్‌పేట, గుంటూరు నుంచి

కొనసాగించవద్దు. పదో తరగతిలో ఉన్న ఎత్తు చూసి పిల్లవాడి స్థానం తేల్చేయడం మనవైపు ఎక్కువగా జరుగుతున్న పొరపాటు. 2012లో మొదటి స్థానంలో వెళ్లిన ఆంథొనీ డేవిస్ హైస్కూల్లో గార్డుగా ఆడుతూ ఉన్నట్టుండి ఎనిమిది అంగుళాల దాకా పెరిగాడు. గార్డుగా నేర్చుకున్న బంతి పట్టు, చూపు ఎత్తు పెరిగాక కూడా అతన్ని విడిచిపోలేదు. అదే డ్రాఫ్ట్‌లో 35వ స్థానంలో వెళ్లిన డ్రేమండ్ గ్రీన్ ఎత్తు ఆరడుగుల ఆరంగుళాలే, అయినా సెంటర్‌గా నిలబడి ఎదుటి ఐదుగురిలో ఎవరినైనా అడ్డుకోగలడు, బంతి తీసుకొని కోర్టు దాటి పాసులు ఇవ్వగలడు. మీ వాడు ఇంకా పెరుగుతాడో లేదో మనకు తెలియదు. పెరిగినా పెరగకపోయినా అక్కరకు వచ్చేవి డ్రిబుల్, పాస్, అడ్డంగా కదలడం. స్కూల్లో పీడీ గారితో మర్యాదగా మాట్లాడి, వారానికి రెండు రోజులైనా గార్డులతో కలిపి సాధన చేయించమని అడగండి. కాదనరు.

వచ్చే ఆదివారం వీలైతే అబ్బాయిని గుంటూరు తీసుకురండి. ఉదయం ఆరింటికి కోర్టు ఖాళీగా ఉంటుంది, ఎనిమిది దాటితే సిమెంటు కాలుతుంది. బంతి నేను తెస్తాను. వాడు ఇప్పుడు వేసుకుంటున్న కేడ్స్‌నే వేసుకొని రమ్మనండి, కొత్తవి వద్దు, అడుగులు ఎక్కడ అరిగాయో చూడాలి.